తిరిగొచ్చే తీగ

మా బావగారు పద్దెనిమిదేళ్ళ గల్ఫ్ ఉద్యోగం ముగించుకుని ఆఖరిసారి ఇంటికి వచ్చినప్పుడు, ఆయన పెట్టెలో సెంటు సీసాల పక్కన తువ్వాలులో చుట్టిన కంచు చక్రం ఒకటి ఉంది. సముద్రపు నీటిని తాగే నీళ్ళుగా మార్చే ఫ్యాక్టరీలో పెద్ద పంపు కడుపులో తిరిగే రెక్కల చక్రం అది. పాతదైపోయిందని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నారట. రెక్కల అంచులన్నీ గుంటలు పడి, రెండు చోట్ల చిటికెన వేలు దూరేంత కన్నాలున్నాయి. మా అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటండీ, చెద పట్టినదాన్ని ఇంత దూరం మోసుకొచ్చేరు?" అంది.

"చెద కాదే. బుడగలు తినేసినాయి. నీళ్ళల్లో బుడగలు" అన్నారు బావగారు.

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. చక్రం అటకెక్కింది. మూడేళ్ళ తర్వాత ఒక ఆదివారం ఆయనే దాన్ని దించి నా ముందు పెట్టి, "ఏవయ్యా లెక్చరరూ, నువ్వు చెప్పు. బుడగ కంచుని తింటాదా?" అని అడిగారు.

నేను అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ప్రశ్నకి జవాబు నా పాఠాల్లో ఎక్కడా లేదు. తెలియదు అని చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు కాబట్టి, వచ్చే ఆదివారం చెబుతానన్నాను. కష్టమైన మాటని వచ్చే ఆదివారానికి వాయిదా వెయ్యడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు. ఈ కథంతా ఆ జబ్బు గురించే.

వారమంతా చదివాను. తర్వాతి ఆదివారం అక్క ఇంట్లో భోజనాల దగ్గర కూర్చుని, చదివిందంతా ఒలకబోశాను. నీళ్ళు మరగడానికి వేడే అక్కర్లేదు, ఒత్తిడి బాగా తగ్గినా మరుగుతాయి. పంపు రెక్క వేగంగా తిరిగినప్పుడు దాని వెనక ఒత్తిడి పడిపోయి, చన్నీళ్ళే ఆవిరి బుడగలవుతాయి. ఆ బుడగ రెండంగుళాలు ముందుకి వెళ్ళేసరికి మళ్ళీ ఒత్తిడి పెరిగి నలిగిపోతుంది. నలగడమంటే మెల్లగా కాదు, చుట్టూ ఉన్న నీరంతా ఒక్కసారిగా ఆ చుక్క మీద పడుతుంది. సూదిలాంటి ధార పుట్టి లోహాన్ని పొడుస్తుంది, షాక్‌వేవ్ ఒకటి చుట్టూ పరుగెడుతుంది. దీన్ని కేవిటేషన్ అంటారు. నలిగే ఆ క్షణంలో బుడగ లోపల కొన్ని వేల డిగ్రీల వేడి పుడుతుంది. ప్రయోగశాలలో ఒక సీసాలోని బుడగని శబ్దంతో నలిపితే నీలంగా చిన్న వెలుగు కూడా కనిపిస్తుంది. ఆ లోపలి గాలి ప్లాస్మా అవుతుందని కొందరంటారు.

"ప్లాస్మా అంటే?" అన్నారు బావగారు.

"వెల్డింగు చేసేటప్పుడు రాడ్డు చివర మండుతుంది చూడండి, అదేనండీ."

ఆయన చెయ్యి అన్నంలో ఆగిపోయింది. "చన్నీళ్ళల్లో వెల్డింగు మంట!" అన్నారు, నా మొహంలోకి చూస్తూ.

అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ మా అక్క వింటోంది, గిన్నెలు తీసుకెళ్ళడానికి వచ్చిన పనిమనిషి కూడా నిలబడి వింటోంది, నాకు ఊపొచ్చింది. ఆ బుడగల్లో అణువులు కలిసిపోయి సూర్యుడిలో పుట్టే శక్తి పుడుతుందని కొందరు ప్రకటించారనీ, బుడగలు పుట్టించే డ్రమ్ము తిప్పితే తీసుకున్న కరెంటు కంటే ఎక్కువ వేడి ఇస్తుందని ఇంకొందరు అంటారనీ చెప్పాను. మిగతావాళ్ళు చేసి చూస్తే అలా రాలేదనీ, ఎవరూ రుజువు చెయ్యలేకపోయారనీ కూడా చెప్పాను, ఒట్టు. అయితే ఆ మాటలు చెప్పేటప్పుడు నా గొంతు తగ్గి ఉంటుంది. బావగారికి పంపుహౌసుల మోతలో రెండు చెవులూ సగానికి పైగా పోయాయి. మొదటి సగం ఆయనకి బాగానే వినిపించింది.

రాజోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో, కాలవగట్టున రేకుల షెడ్డు వేసుకుని ఆయన మోటార్లు బాగుచేసేవారు. చుట్టుపక్కలంతా రొయ్యల చెరువులే కాబట్టి పనికి లోటు లేదు. స్క్రూడ్రైవర్ మొనని మోటారుకి ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకి ఆనించి కళ్ళు మూసుకునేవారు. "బేరింగు పోయిందండీ" అనో, "గాలి పీలుస్తందండీ, అడుగున పైపు చూసుకోండి" అనో చెప్పేవారు. ఎప్పుడూ తప్పేది కాదు. చెవికి వినిపించనిది ఎముక వినేది.

మనుషుల మాటలు మాత్రం ఎముకకి అందవు. పెళ్ళిళ్ళలో పదిమంది మధ్య కూర్చుంటే అందరూ నవ్వాక నవ్వేవారు. కొన్నాళ్ళకి పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు. వాళ్ళకి పిల్లల్లేరు. పద్దెనిమిదేళ్ళలో రెండేళ్ళకోసారి రెండు నెలలు చూసిన మనిషి ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటే, ఆయనకి గట్టిగా అరిచి చెప్పాల్సిన కబుర్లేమీ అక్క దగ్గర లేవు. సాయంత్రాలు తాగడం మొదలుపెట్టారు. గొడవ చేసే తాగుడు కాదు. మాట్లాడకుండా తాగి, మాట్లాడకుండా పడుకునేవారు. ఆదివారాలైతే పగలే మొదలయ్యేది. అక్క ఒక్క మాట అనేది కాదు. నేను వెళితే నాకు కాఫీ ఇచ్చి, "మీ బావగారు పడుకున్నారు" అనేది, మధ్యాహ్నం మూడింటికి.

ఆ ఆదివారం తర్వాత ఆయన తాగడం మానేశారు. మానేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. సాయంత్రాలు పని దొరికింది, అంతే.

రావులపాలెంలో లేతుమిషను వాళ్ళ దగ్గర అల్యూమినియం డ్రమ్ము ఒకటి కోయించి, దాని ఒంటినిండా గుంటలు పొడిపించుకొచ్చారు. దాన్ని ఇనప తొట్టిలో బిగించి, మోటారుతో తిప్పి, లోపలికి నీళ్ళు వదిలేవారు. గుంటల్లో బుడగలు పుట్టి నలిగేవి. ఒక వైపు నుంచి చన్నీళ్ళు వెళ్ళి రెండో వైపు నుంచి పొగలు కక్కుతూ వచ్చేవి. దానికో ప్రయోజనం కూడా అనుకున్నారు. మా వైపు ముసురు పట్టిందంటే కొబ్బరి ఎండదు, చిప్పలకి చిప్పలు బూజు పట్టిపోతాయి. ఈ వేడినీళ్ళని పైపుల్లో తిప్పి, కొట్టుగదిలోనే కొబ్బరి ఎండబెట్టొచ్చని ఆయన ఆలోచన. ఫోన్లో విదేశీ ముసలాయనలు తిప్పే డ్రమ్ముల వీడియోలు చూపించి, "ఈళ్ళకి ఇంత చోటుంది, ఇన్ని సామాన్లున్నాయి, కొబ్బరి లేదు చూడు" అని నవ్వేవారు. నేను ఆయన నవ్వగా చూసి చాలా ఏళ్ళయింది.

ఒకరోజు ఆ నీలం వెలుగు చూడాలన్నారు. కాలేజీ లేబు నుంచి గుండ్రటి గాజు ఫ్లాస్కు ఒకటి నేనే తెచ్చిచ్చాను. అమలాపురంలో కళ్ళజోళ్ళ షాపువాళ్ళు అద్దాలు కడిగే పాత మిషనుంటే, అందులోంచి శబ్దం పుట్టించే బిళ్ళలు ఊడదీసి ఆయన ఫ్లాస్కుకి అంటించారు. మిట్టమధ్యాహ్నం షెడ్డు తలుపులు మూసి, మిగిలిన సందులన్నీ గోనెసంచులతో కప్పి, మేమిద్దరం ఒక టార్పాలిన్ కింద దూరి కూర్చున్నాం. చెమటలు కారిపోతున్నాయి. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా కదలొద్దన్నారు. చాలాసేపటికి ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"అదుగో. చూసేవా?"

నాకు ఏమీ కనిపించలేదు. ఫ్లాస్కు ఎటువైపు ఉందో కూడా తెలియడం లేదు. ఆయన నా మణికట్టు వదల్లేదు.

"ఆయ్, చూశానండీ" అన్నాను ఆయన చెవి దగ్గర, గట్టిగా.

ఆ రోజుల్లో నాకు అది అబద్ధంలా అనిపించలేదు. పసివాడు గీసిన బొమ్మని బాగుందన్నట్టు అన్నాననుకున్నాను. నా కంటే పన్నెండేళ్ళు పెద్దవాడైన మనిషిని, ఇనుముతో మాట్లాడగలిగిన మనిషిని, నేను మనసులో ఎక్కడ కూర్చోబెట్టానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత ఆయన నన్ను ఒకే ఒక్కటి అడిగారు. మిషను కొలిచి చూసి, ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. ఎంత కరెంటు తీసుకుంది, ఎంత వేడి ఇచ్చింది, అంతే. "ఎవరికీ చూపించను. పేపరోళ్ళకీ గట్రా వద్దు. మీ అక్కకి చూపిస్తాను."

"అక్కకి ఎందుకండీ?"

ఆయన కాసేపు నట్లు ఏరుతూ కూర్చున్నారు. "ఆవిడ ఎప్పుడూ ఏవీ అనలేదయ్యా. తాగినప్పుడూ అనలేదు, మానేసినప్పుడూ అనలేదు. ఈయనేదో ఆడుకుంటన్నాడులే అనుకుంటంది. నువ్వు చదువుకున్నోడివి, నువ్వు రాస్తే నమ్ముద్ది."

ఫిబ్రవరిలో వరసగా మూడు ఆదివారాలు వెళ్ళి కొలిచాను. నీళ్ళు ఎన్ని లీటర్లో నేనే కొలిచి పోశాను. థర్మామీటరు కాలేజీది, అంతకు ముందురోజే మంచులోనూ మరిగే నీళ్ళలోనూ పెట్టి సరిచూసుకున్నాను. కరెంటు మాత్రం ఆయనే కొలిచేవారు. తీగ చుట్టూ కొక్కెంలా తగిలిస్తే ఎంత కరెంటు పోతోందో చూపించే మీటరు ఆయన దగ్గరుంది. లెక్క కడితే తీసుకున్న కరెంటు కంటే వచ్చిన వేడి ఇంచుమించు పావువంతు ఎక్కువగా ఉంది. మొదటి ఆదివారం నా కళ్ళని నేను నమ్మలేదు. రెండో ఆదివారమూ అంతే వచ్చింది. బస్సులో అమలాపురం తిరిగొస్తూ, ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెప్పిన పాఠం తప్పేమోనని ఒక్క అరగంట నిజంగా అనుకున్నాను. ఆ అరగంట నా జీవితంలో చాలా బాగుంది. అది కూడా ఒప్పుకోవాలి.

మూడో ఆదివారం మిషను నడుస్తుండగా ఆయన స్క్రూడ్రైవర్ చెవి వెనక పెట్టుకుని విన్నారు. మొహం చిట్లించి, "నీరసంగా ఉంది" అని లేచి, చెంబులో గుప్పెడు ఉప్పు వేసి కాలవ నీళ్ళు ముంచుకుని షెడ్డు వెనక్కి వెళ్ళారు. నేను కూడా వెళ్ళాను. అక్కడ నేలలోకి దిగగొట్టిన ఇనప కడ్డీ ఒకటుంది. దాని మొదట్లో ఆ ఉప్పునీళ్ళు పోశారు. లోపల మోటారు మోత హుషారయింది.

మా వైపు వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. కరెంటు ఒక తీగలో వచ్చి, మోటారు తిప్పి, రెండో తీగలో తిరిగి వెళుతుంది. ఆ తిరిగెళ్ళే తీగని న్యూట్రల్ అంటాం. పల్లెల్లో చివరి స్తంభాల దగ్గర అది ఎక్కడో అతుకు వదులై నీరసంగా ఉంటుంది, మోటారు మూలుగుతుంది. అప్పుడు ఎవరైనా చేసే పని ఒకటే. ఒక కడ్డీ నేలలో దిగ్గొట్టి, న్యూట్రల్ తీగని దానికి కూడా కట్టేస్తారు. అటు కాలవ, ఇటు చెరువు, మధ్యలో ఎప్పుడూ ఆరని నేల. కొంత కరెంటు ఆ తడిలోంచే వెళ్ళిపోతుంది. ఎండాకాలం కాస్త ఉప్పునీళ్ళు పోస్తే ఇంకా బాగా లాగుతుంది. మెరక ప్రాంతాల్లో ఈ పప్పులుడకవు. మా ఇంటి వెనక కూడా అలాంటి కడ్డీ ఉండేది. మా అమ్మ మొక్కలకి పోస్తూ పోస్తూ దానికీ ఓ చెంబు పోసేది.

నేను మెల్లగా షెడ్డులోకి వచ్చి మీటరు వైపు చూశాను. అది న్యూట్రల్ తీగకి తగిలించి ఉంది.

"బావగారూ, మీటరుని కరెంటు వచ్చే తీగకి పెట్టరేంటండీ?"

"దాని జోలికి పోనయ్యా. గల్ఫులో ఓసారి కొట్టింది, గోడకేసి విసిరింది. అప్పట్నించీ లైవు తీగ దగ్గర చెయ్యెట్టను. అయినా ఏదైతే ఏంటి, ఎళ్ళిందే కదా తిరిగొచ్చేది?"

ఆయన టీ చెప్పడానికి ఇంట్లోకి వెళ్ళినప్పుడు మీటరు తీసి లైవు తీగకి తగిలించాను. అంకె పెరిగింది. ఎంత పెరిగిందో చూసి జేబులోని కాగితం మీద గబగబా లెక్క కట్టాను. ఎక్కువొచ్చిందనుకున్న ఆ పావువంతు వేడి సరిగ్గా అక్కడ దొరికింది. మోటారులోకి వెళ్ళిన కరెంటులో కొంత తీగలో తిరిగి రావడం లేదు, కడ్డీ దారిన నేలలోకి పోతోంది. ఆయన తిరిగొచ్చిన భాగాన్నే కొలుస్తున్నారు. బుడగల్లో సూర్యుడు లేడు. ఉన్నదల్లా మా కోనసీమ బురద.

తప్పు పట్టుకోగానే మాస్టార్లకి ఒక పాడు సంతోషం కలుగుతుంది. నాకూ కలిగింది. మీటరు మళ్ళీ పాత తీగకే పెట్టేసి ఇంట్లోకి వెళ్ళాను. అక్క పెరట్లో పీట వేసుకుని పనసపొట్టు కొడుతోంది. బావగారు కాలవ దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు.

"అక్కా, బావగారి లెక్కలో తప్పుంది. మిషను ఆయన అనుకుంటున్నట్టు పనిచెయ్యట్లేదు. ఇవాళ చెప్పేస్తాను."

అక్క కత్తి ఆపింది. తల ఎత్తకుండా, "రెండేళ్ళయింది రా ఆయన మందు ముట్టుకుని" అంది. "వేళకి అన్నం తింటన్నారు. మొన్న నా పక్కన కూర్చుని, ఈసారి వానల్లో మన కొబ్బరి బూజు పట్టదే అన్నారు. పద్దెనిమిదేళ్ళు ఫోన్లోనే కాపరం చేశాను నేను. ఇప్పుడు మనిషి ఇంటికొచ్చేడు. ఇప్పుడే చెప్పకు తమ్ముడూ. పరీక్షలయ్యాక చెబుదువుగాని. నీకు దణ్ణం పెడతాను."

చేతులకి పనసపాలు అంటుకుని ఉన్నాయని నిజంగా దణ్ణం పెట్టలేదు, అంతే.

ప్రమాదం సంగతి నాకు తట్టలేదా? తట్టలేదని రాసి రెండుసార్లు కొట్టేశాను. తట్టింది. ఆ కడ్డీ ప్రమాదమని చదువుకున్నవాడిగా నాకు తెలుసు. కానీ ఊరంతా ఉన్నదే కదా, మా అమ్మ నీళ్ళు పోసిందే కదా అనుకున్నాను. అంతకన్నా నిజం ఇంకోటుంది. కడ్డీ తీసెయ్యండి అంటే ఎందుకు అంటారు. ఎందుకో చెబితే లెక్క బయటపడుతుంది. రెండూ ఒకే ముడి. ఒకటి విప్పి ఒకటి ఉంచడం కుదరదు. అందుకని రెండూ కలిపి తర్వాత చెబుదామనుకున్నాను.

"ఏవయ్యా, కాగితం రాసేవా?" అన్నారు బావగారు కాళ్ళు తుడుచుకుంటూ.

"ఇంకోసారి కొలుద్దామండీ. పరీక్షలు అవ్వనివ్వండి."

"ఆయ్, తొందరేవుంది" అన్నారు సంతోషంగా. ఇంకోసారి కొలుస్తానన్నానంటే పనిని అంత గట్టిగా పట్టుకున్నానని అర్థం చేసుకున్నారు.

ప్రాక్టికల్స్ వచ్చాయి, పరీక్షలు వచ్చాయి. ఆదివారాలు వెళ్ళడం మానేశాను. ఆయన ఫోన్లో మాట్లాడలేరు కాబట్టి మీటరు ఫొటోలు పంపేవారు. ఒక్కో ఫొటో కింద "ఈ రోజు కూడా" అని ఉండేది. నేను చేతులు జోడించిన బొమ్మ పంపేవాణ్ణి. ఆరు వారాలు అలా బొమ్మలు పంపాను.

ఏప్రిల్లో పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వెళ్ళాను. ఒక రాత్రి ఈదురుగాలి వీచింది. మర్నాడు పదకొండు గంటలప్పుడు పేపర్ల కట్ట ముందు కూర్చుని ఉండగా అక్క ఊళ్ళోంచి ఎవరో ఫోన్ చేసి, మీ బావగారికి కరెంటు షాకు కొట్టిందండీ, రండి అన్నారు. ఎలా ఉన్నారంటే రండి అన్నారు మళ్ళీ. బస్సు రావులపాలెం దగ్గర అరటిగెలల లారీల వెనక అరగంట ఆగిపోయింది. ఎక్కడ కొట్టింది, ఎలా కొట్టింది అని నేను ఫోన్లో అడగలేదు. అడగాల్సిన అవసరం నాకు లేదు. ఆ అరగంటా కిటికీలోంచి గెలలు చూస్తూ, షెడ్డు వెనక కాకుండా ఇంకెక్కడైనా అయి ఉండాలని దేవుణ్ణి అడిగాను. మనిషి బతకాలని అడగలేదు, చోటు మారాలని అడిగాను. అంతటి మనిషిని నేను.

నేను వెళ్ళేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టారు. షెడ్డు వెనక కడ్డీ పక్కన చెంబు బోర్లా పడి ఉంది. ఉప్పు తెల్లగా కనిపిస్తోంది.

లైన్‌మాన్ అక్కడే ఉన్నాడు, పాపం అతని కళ్ళలో నీళ్ళున్నాయి. "రాత్రి గాలికి న్యూట్రల్ తెగిపోయిందండీ. కరెంటంతా ఈ కడ్డీ మీద పడిపోయింది. మోటారు నీరసంగా ఉందని నీళ్ళు పొయ్యడానికొచ్చేరండి. చెప్పుల్లేవు, కింద తడి. ఊళ్ళో ఇలాంటివి ఎన్నున్నాయో, చెబితే ఎవరూ ఇనరండీ" అన్నాడు.

నేను తల ఊపాను. అతను అది మొదటిసారి వింటున్న మనిషికి చెబుతున్నాననుకున్నాడు.

ఆ ఏడాది జూలైలో సెకండియర్ పిల్లలకి కరెంటు పాఠం మొదలుపెట్టాను. ఒక కూడలికి ఎంత కరెంటు వస్తుందో అంతే బయటికి పోతుంది. ఏటా చెప్పేదే. తక్కువ తిరిగొచ్చిందంటే అది ఎక్కడికీ మాయం కాలేదు, మనం చూడని దారి ఒకటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి అని చెబుతూ బోర్డు వైపు తిరిగాను. ఇక పిల్లల వైపు తిరగలేకపోయాను. బెల్లు కొట్టేదాకా బోర్డు మీద బొమ్మ గీస్తూనే ఉన్నాను. గీసిందే చెరిపి మళ్ళీ గీశాను. వెనక పిల్లలు గుసగుసలాడుకోవడం వినిపించింది.

పెద్దకర్మ అయ్యాక అక్క ఆయన నోటుపుస్తకం, ఆ కంచు చక్రం నాకిచ్చేసింది. చక్రం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. పుస్తకంలో రోజూ కొలిచిన అంకెలు వరసగా, తీరైన అక్షరాలతో ఉన్నాయి. ఆఖరి పేజీలో ఆయనే ఉత్తరం రాసినట్టు రాసి పెట్టుకున్నారు. "ఈ యంత్రమును నేను స్వయముగా పరీక్షించితిని. ఇది పనిచేయుచున్నది." దాని కింద గీత ఒకటి గీసి, గీత కింద "ఫిజిక్సు లెక్చరరు" అని రాశారు. గీత మీద ఖాళీగా ఉంది. దాని మీద సంతకం పెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఇప్పుడు పెడితే ఎవరికి నష్టం అనుకుంటాను. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేస్తాను.

అక్క ఇది చదవదు. కళ్ళు మసకలొచ్చి చదవడం మానేసింది. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను. ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని ఇక్కడిదాకా వచ్చాక భయం వేస్తోంది. వినిపించినా మంచిదేనేమో. నా నోటితో చెప్పే అవకాశం ఆవిడే నాకు ఒకసారి ఇచ్చింది, నేను పాడుచేసుకున్నాను.

మొన్న వానల్లో వెళ్ళాను. కొట్టుగది తలుపు తీసి కొబ్బరి చిప్పలు ఏరుతోంది. సగం నల్లగా బూజు పట్టిపోయాయి. బాగున్నవి ఒక బుట్టలో, పాడైనవి ఒక బుట్టలో వేస్తోంది. నేనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. రెండు బుట్టలూ సగం నిండాక అక్క చిప్ప వాసన చూస్తూ, ఏదో మామూలు సంగతి అడిగినట్టు అడిగింది.

"ఒరేయ్, ఆవేళ మీ బావగారి లెక్కలో తప్పుందన్నావు. ఏం తప్పురా అది?"

చెప్పొచ్చు. అదే తప్పు ఆయన్ని చంపింది అక్కా, నేను ఆవేళే చెప్పి ఉంటే కడ్డీ పీకేసేవారు, నువ్వు దణ్ణం పెడతానన్నావు, నేను ఊరుకున్నాను. నాలుగు మాటలు. మొదటి మాట అన్నానంటే చివరి మాట దాకా వెళ్ళక తప్పదు. చివరి మాట దగ్గర ఆవిడే ఉంది, చేతులకి పనసపాలతో.

"థర్మామీటరు అక్కా" అన్నాను. "రెండు డిగ్రీలు ఎక్కువ చూపించేది."

అక్క చేతిలోని చిప్పని ఏ బుట్టలోనూ వెయ్యలేదు. వాన పెద్దదైంది, రేకుల మీద చప్పుడుకి ఆవిడ ఏదో అన్నది నాకు వినిపించలేదు. ఏంటక్కా అన్నాను.

"అంతేనా అన్నానురా" అంది. కళ్ళు తుడుచుకుంటోంది. "ఆపాటి దానికా నిన్ను చెప్పొద్దన్నాను? చెప్పనిస్తే ఇంకో థర్మామీటరు కొనుక్కునేవారు కదా, పాపం."

"కొనుక్కునేవారక్కా" అన్నాను.